పాత బట్టకు సూది ఇచ్చిన గౌరవం



బేత్లెహేములో మరియ తన శిశువును పొత్తిగుడ్డలతో చుట్టిందని మనం ప్రతి క్రిస్మస్‌కూ చదువుతాం. ఆ పొత్తిగుడ్డ మన ఇళ్లలో పుట్టిన మాటే. గంజి పెట్టిన కొత్త బట్ట పసిబిడ్డ ఒంటికి గరుకుగా తగులుతుంది. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరో, పంచో అయితే బిడ్డ హాయిగా నిద్రపోతుంది. అందుకే మన అవ్వలు కాన్పు రోజులు దగ్గర పడుతున్నాయంటే పాత చీరలు ఉతికి, ఎండబెట్టి, చింపి మడతలు పెట్టి ఉంచేవాళ్లు. ఇంట్లో అందరికన్నా అపురూపమైన ప్రాణికి అన్నిటికన్నా పాత బట్ట! ఆ కాలంలో పాతదంటే పనికిరానిది కాదు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల పల్లెల్లో ఒక చీర ఎన్ని జన్మలెత్తేదో గుర్తు చేసుకోండి. కట్టుకున్నన్నాళ్లు చీర. నడిమి భాగం నలిగి పలచబడితే, గట్టిగా మిగిలిన కొంగు, అంచులతో ఆడబిడ్డకు పావడ. ఆ పావడకు కింద రెండు మూడు మడతలు పెట్టి కుట్టేవాళ్లు. బిడ్డ ఎదిగేకొద్దీ ఏడాదికొక మడత విప్పితే చాలు, పొడవు సరిపోయేది. నాన్న చొక్కా కాలరు చిరిగితే దాన్ని విప్పి, తిరగేసి కుట్టేవాళ్లు. చేతులు కూడా చిరిగితే అదే చొక్కా కొడుక్కి చిన్న చొక్కాగా మారేది. ఇక ఎవరి ఒంటికీ పనికిరానిది బొంతలోకి పోయేది.

బొంత కుట్టడం తేలికైన పని కాదు. నాలుగైదు పొరల పాత చీరలు, పంచెలు నేలమీద ముడత లేకుండా పరవాలి. గట్టివి పైనా కిందా, నలిగినవి మధ్యలో పెట్టాలి. అంచు నుంచి లోపలికి వరుసలు వరుసలుగా పొడుగు కుట్లు వేసుకుంటూ రావాలి. కుట్లు దూరమైతే లోపలి గుడ్డ ఉండలు కడుతుంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అరుగుమీద కూర్చుని రోజుల తరబడి కుట్టేవాళ్లు. విడిగా ఏ ముక్కా చలిని ఆపలేదు. కలిపి కుడితేనే అది ఇంటిల్లిపాదినీ కాస్తుంది.

ఈ పొదుపు వెనుక కరువు ఉంది. మనది వాన మీద ఆధారపడిన వేరుశనగ నేల. బట్ట కొనడమంటే పంట చేతికొచ్చాక, ఏడాదికొకసారి జరిగే పని. రెండో ప్రపంచ యుద్ధకాలంలో డబ్బున్నా బట్ట దొరకలేదు. మిల్లు బట్టలో కొంత భాగం సైన్యానికి పోయింది. 1943లో ప్రభుత్వం నూలు, బట్టల మీద నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. అలాంటి రోజుల్లో ఇంట్లో సూది పట్టిన చెయ్యే ఆ ఇంటి పరువును నిలబెట్టింది.

ఆ సూదికి మన సంఘ చరిత్రలోనూ చోటుంది. 1853లో ఆర్కాటు మిషన్ మొదలైనప్పుడు చిత్తూరు దాని తొలి కేంద్రాల్లో ఒకటి. 1863లో జేకబ్ చేంబర్లెన్ మదనపల్లెకు వచ్చి తెలుగు పరిచర్య ప్రారంభించారు. ఆ కాలపు ఆడపిల్లల బడుల్లో చదువుతోపాటు కుట్టుపని కూడా నేర్పేవాళ్లు. అదే శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికా సంఘాల స్త్రీలు దొర్కా పేరుతో సొసైటీలు పెట్టుకుని పేదలకు బట్టలు కుట్టి పంచేవాళ్లు.

అయితే పేదవాడికి ఎలాంటి బట్ట ఇవ్వాలి? ఈ ప్రశ్న మీద మన దేశంలో పెద్ద వాదమే జరిగింది. 1921 జులై 31న బొంబాయిలో గాంధీగారు విదేశీ బట్టలకు నిప్పు పెట్టించారు. ఆయన ప్రియమిత్రుడు, క్రైస్తవుడైన సి.ఎఫ్. ఆండ్రూస్‌కు అది బాధ కలిగింది. ఆ సంగతి గాంధీగారికే రాశారు. అంతకు రెండేళ్ల ముందు మన మదనపల్లెలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన రవీంద్రనాథ్ ఠాగూరు కూడా అభ్యంతరం చెప్పారు. ఒంటిమీద బట్టలేని వాళ్లకు చెందాల్సినదాన్ని కాల్చే హక్కు మనకెక్కడిదన్నది ఆయన ప్రశ్న. ఆ అక్టోబరులో గాంధీగారు జవాబిస్తూ, పేదవాడికి మన ఎంగిలి మెతుకులు, మనం విడిచిన బట్టలు ఇచ్చి దాతలమనిపించుకోవడం పాపమన్నారు. ఇస్తే మనకున్న వాటిలో మేలైనది ఇవ్వాలి, పని ఇవ్వాలి, ఆ పనిలో తోడుగా నిలవాలి అన్నారు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. బట్టను పాడుచేయడం తప్పు. మనిషిని చిన్నబుచ్చడం అంతకన్నా తప్పు. ఈ రెండో తప్పు ఎలా ఉంటుందో 2004 సునామీ తర్వాత నాగపట్నం తీరంలో లోకమంతా చూసింది. దేశమంతటా ప్రేమతో పంపిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. అన్నీ పోగొట్టుకున్న జాలరి కుటుంబాలు కూడా వాటిని ముట్టుకోలేదు. మాసినవి, చిరిగినవి, ఆ ఇళ్ల ఆడవాళ్లు ఎన్నడూ కట్టనివి ఎవరు తీసుకుంటారు? 1999లో అంశు గుప్తా ప్రారంభించిన గూంజ్ అనే సంస్థ ఇలాంటి బట్టలను ఏరి, ఉతికి, కుట్టి, బొంతలుగా, సంచులుగా, ఆడవాళ్ల నెలసరి గుడ్డలుగా మారుస్తోంది. 2015లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ సంస్థ చేస్తున్నది మన అవ్వలు అరుగుమీద చేసిన పనే.

ఇప్పుడు బట్ట చవకైంది. పాలిస్టర్ చీర పొత్తిగుడ్డకూ పనికిరాదు, తడి తుడవడానికీ పనికిరాదు. వీధిలోకి వచ్చే స్టీలు సామాన్ల బండికి వేసేస్తాం, లేదా మూటగట్టి పేదలకని చర్చికి తెస్తాం. మనం ఆగి ఆలోచించాల్సింది ఆ మూట దగ్గరే.

యిర్మీయా 38వ అధ్యాయం చూడండి. ప్రవక్త బురదగోతిలో దిగబడి ఉన్నాడు. రక్షించడానికి వచ్చిన ఎబెద్మెలెకు తాళ్లతోపాటు రాజు ఇంట్లోని పాత గుడ్డలు కూడా తీసుకెళ్లాడు. తాడు ఒరుసుకోకుండా వాటిని చంకల కింద పెట్టుకోమని చెప్పాడు. ఇచ్చింది పాత గుడ్డలే. కానీ అవతలి మనిషికి ఎక్కడ నొప్పి పుడుతుందో ముందే ఆలోచించి ఇచ్చాడు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన బట్టలే చూపించారు. అవి కొత్త గుడ్డతో కుట్టినవో పాత గుడ్డతో కుట్టినవో గ్రంథం చెప్పదు. కుట్టిన చేతిని మాత్రం పేరుతో సహా చెబుతుంది.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఈసారి చర్చికి మూట తెచ్చేముందు దాన్ని విప్పి చూడండి. ఉతకండి. ఊడిన గుండీ కుట్టండి, తెగిన అంచు మడిచి కుట్టండి. మీ బిడ్డకు తొడగలేనిది ఆ మూటలో ఉంచకండి. మన సంఘంలో కుట్టుమిషను తొక్కే అక్కచెల్లెళ్లున్నారు. ఆ పని వాళ్లకు అప్పగిస్తే తగిన కూలి ఇవ్వండి. పుచ్చుకునే విధవరాలు తలదించుకోకుండా ఆ బట్ట కట్టుకుని ఆదివారం మన పక్కన కూర్చోగలిగితే, అప్పుడది నిజంగా మనం ఇచ్చినట్టు.

ప్రభువు మన చేతిపనిని స్థిరపరచును గాక. ఆమేన్.