ఆరవ స్వరపు చేర్పు

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల తిరునాళ్లలో పద్యనాటకము చూచినవారికి హార్మోనియము కొత్త కాదు. తెర లేవకమునుపే అది శ్రుతి పట్టును; నటుడు రాగము తీయగా వెంట నడచును. ఆ పెట్టెలో మరియొక విద్యయు దాగియున్నది. దాని కథను శ్రోతలకు విన్నవింప దలచితిమి.

హార్మోనియమునకు పారిస్ నగరమున దెబైన్ 1840లో పేటెంటు పొందెను. కాలితో త్రొక్కు ఆ వాద్యమును, నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి ఆడించుటకు వీలుగా కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ 1875 ప్రాంతమున మలచెను. 1885లో గిద్దలూరునకు పొరుగైన కడప మండలమున సురభి నాటకము పుట్టెను. క్రమముగా తెలుగు రంగస్థలము హార్మోనియమును తనదిగా చేసికొన్నది. 1866లో క్లౌ దొర ఒంగోలు చేరిన పిమ్మట అమెరికను బాప్టిస్టు మిషను కంభము, మార్కాపురములందును నెలకొన్నది. వారి పాశ్చాత్య కీర్తనములు నాలుగు గొంతుకలు ఒకేసారి వేర్వేరు స్వరములు పలుకునట్లు కూర్పబడినవి.

ఇంతలో హార్మోనియమునకు ఆలిండియా రేడియోలోనే ఎదురుదెబ్బ తగిలెను. ఢిల్లీ కేంద్రమున పాశ్చాత్య సంగీతశాఖను నడపిన జాన్ ఫౌల్డ్స్ వంటివారు దానిని ఆక్షేపించిరి. మెట్లు కదలవు; గమకము పలుకదు; పన్నెండు సమభాగముల శ్రుతి మన రాగములకు ఇముడదు. 1940 మార్చి 1 నుండి అమలైన నిషేధము 1971లో గాని సడలలేదు. ఆక్షేపణ యథార్థమే. స్వరమునుండి స్వరమునకు జారలేని వాద్యము తోడిరాగమును ఎట్లు పలుకగలదు? కాని పలు స్వరములు ఒక్కసారి మ్రోగవలెనన్న ప్రతి స్వరమును తనచోట నిలువవలెను. అచ్చట కదలని మెట్టే బలము.

పియానోపై సిక్స్త్ కార్డు అను స్వరగుచ్ఛము ఇందుకు నిదర్శనము. నేర్చువారు ముందుగా మార్కాపురపు పలకపై నాలుగు పేర్లు వ్రాసికొనవచ్చును: షడ్జము, అంతర గాంధారము, పంచమము, చతుశ్శ్రుతి ధైవతము. ఒక తెల్లమెట్టును షడ్జముగా గ్రహించి, నల్లమెట్లను కూడ లెక్కించుచు నాలుగవ మెట్టున గాంధారము, అటనుండి మూడవ మెట్టున పంచమము, ఆపై రెండవ మెట్టున ధైవతము పట్టవలెను. బొటనవ్రేలు షడ్జముపై, చిటికెనవ్రేలు ధైవతముపై నిలిచిన చేయి అలయదు. గాంధారమును ఒక మెట్టు దించిన మైనర్ సిక్స్త్ అగును, ధైవతము కదలదు.

ఇవి మనకు పరాయి స్వరములు కావు. వీనికి చతుశ్శ్రుతి రిషభము చేర్చిన మోహనరాగపు స్వరములే. ధైవతమును అడుగునకు దెచ్చినచో ఆ నాలుగు మెట్లే మైనర్ సెవెంత్ అను పేరు దాల్చును. మన గ్రహభేదము నెరిగినవారికి ఇందు వింత లేదు.

ఫ్రాన్సున రామో 18వ శతాబ్దియందే ఆరవ స్వరపు చేర్పునకు శాస్త్రమున చోటిచ్చెను. చీనా కవితల ఆధారముగా మాలర్ కూర్చిన 'భూమి గీతము', ఆయన మరణించిన 1911వ సంవత్సరముననే మ్యూనిచ్‌లో తొలిసారి వినబడెను. అది ఈ గుచ్ఛముతోనే, ముగిసియు ముగియనట్లు, అంతమగును.

ఇంట హార్మోనియమో కీబోర్డో ఉన్నవారు ఆ నాలుగు మెట్లను నేటి సాయంకాలము ఒక్కసారి అదిమి చూతురుగాక. రాగమునకు లోపమైనది సమ్మేళనమునకు సొత్తగుట చెవికే తెలియగలదు.