నగరాల ఘనతకు కొలమానం ఏది?

ఒక నగరం బాటసారిని ఎంతగా ఆకర్షిస్తున్నదో కొలవడం నేడు ఒక శాస్త్రంగా రూపొందింది. ఏటా ఎందరు యాత్రికులు వచ్చారు, ఎన్ని రాత్రులు బస చేశారు, ఎంత ధనం వెచ్చించారు అనే లెక్కలను బట్టి నగరాలకు స్థానాలు నిర్ణయిస్తున్నారు. కాని ఈ ప్రశ్న కొత్తది కాదు. సుమారు వెయ్యి సంవత్సరాల క్రితమే ముస్లిం చరిత్రకారులు, భూగోళవేత్తలు దీనిని చర్చించారు. వారు అనుసరించిన మార్గాలు ముఖ్యంగా రెండు.

మొదటిది సంఖ్యల మార్గం. ఖతీబ్ బగ్దాదీ (మరణం క్రీ.శ. 1071) తన ప్రసిద్ధ చరిత్ర గ్రంథంలో, బగ్దాదు నగరంలో ఒకప్పుడు 60,000 హమ్మాములు ఉండేవనే పూర్వుల కథనాన్ని పొందుపరచారు. ఒక్కొక్క హమ్మాముకు నీళ్ళు మోసేవాడు, పొయ్యి రాజేసేవాడు మొదలైన పనివారు కనీసం ఐదుగురు కావాలి. ఆ లెక్కన పనివారే 3 లక్షలు. హమ్మాముకు ఐదు మసీదుల చొప్పున మసీదులు కూడా 3 లక్షలు! గుణకారంలో తప్పు లేదు. అయితే పునాదిగా తీసుకున్న ఆ మొదటి సంఖ్యనే నేటి చరిత్రకారులు అంగీకరించరు. తన నగరం మీది అభిమానం అంకెల రూపం దాల్చినప్పుడు అది సత్యంలాగే కనిపిస్తుంది. అందులోని ప్రమాదం కూడా అదే.

రెండవది పరిశీలనా మార్గం. బైతుల్ మఖ్దిస్‌లో జన్మించిన ముఖద్దసీ ఈ మార్గానికి గొప్ప ప్రతినిధి. ఆయన తాత అక్కా రేవును నిర్మించిన శిల్పాచార్యుడు. ముఖద్దసీ ఏళ్ళ తరబడి ఇస్లామీయ దేశాలలో సంచరించి, క్రీ.శ. 985లో 'అహ్సనుత్తఖాసీమ్' అనే గ్రంథాన్ని రచించారు. ఈ సంచారంలో ఆయన పుస్తకాలకు అట్టలు కట్టారు, ఖుత్బాలిచ్చారు, సూఫీలతో కలిసి భుజించారు. వేర్వేరు చోట్ల ప్రజలు తనను 36 పేర్లతో పిలిచారని చెప్పుకున్నారు. ఇస్లామీయ రాజ్యాలను 14 ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతపు నీరు, గాలి, ధరలు, తూనికలు, పన్నులు, భాష, ఆచారాలు, మసీదుల స్థితి వరుసగా వివరించారు. పూర్వ వైభవం ఆయనను భ్రమింపజేయలేదు. తన కాలంలో బగ్దాదు క్షీణిస్తున్నదనీ, ఈజిప్టులోని ఫుస్తాత్ దానిని మించిపోయిందనీ నిర్మొహమాటంగా వ్రాశారు.

ఆయన నిజాయితీకి అసలు పరీక్ష స్వంత ఊరి విషయంలో ఎదురైంది. బస్రాలో ఖాజీగారి సభలో నగరాల ప్రస్తావన వచ్చినప్పుడు, ఇహపరాలు రెండూ కలిసిన చోటు బైతుల్ మఖ్దిసేనని ఆయన వాదించారు. అక్కడి దృఢమైన కట్టడాలను, సమశీతోష్ణ వాతావరణాన్ని, ద్రాక్షపండ్లను గ్రంథంలోనూ ప్రశంసించారు. కాని కలం అక్కడ ఆగలేదు. ఆ నగరంలో హమ్మాములు మురికివనీ, వస్తువుల ధరలు ఎక్కువనీ, పండితులు తక్కువనీ, సరుకులమ్ముకొనే వారిపై సుంకాల భారం అధికమనీ, పీడితుని మొర వినే వారు లేరనీ అదే కలంతో వ్రాశారు. మూడవ పవిత్ర మసీదు గల నగరం గురించి, అక్కడే పుట్టిన వ్యక్తి ఇలా వ్రాయడం సామాన్య విషయం కాదు. పవిత్రత వేరు, పాలన వేరు అని ఆయన గ్రహించారు. మొదటిదాని పేరుతో రెండవదాని లోపాలను కప్పిపుచ్చలేదు.

రెండు శతాబ్దాల తరువాత అందలూసియా నుండి వచ్చిన ఇబ్ను జుబైర్ మరొక కొలమానాన్ని ముందుంచారు. క్రీ.శ. 1184లో బగ్దాదు చేరిన ఆయనకు, అక్కడి వారు పరదేశిని చిన్నచూపు చూస్తారనిపించింది. అయినా అదే నగరంలో ఇబ్నుల్ జౌజీ ధర్మోపన్యాసాలు విని ముగ్ధులై, వాటిని మనసారా కొనియాడారు. దమస్కులో మాత్రం పరదేశి విద్యార్థులకు వఖ్ఫుల ద్వారా లభించే ఆదరణ చూసి, విద్య కోరే పశ్చిమ దేశాల యువకులు తూర్పుకు తరలి రావాలని పిలుపునిచ్చారు.

దివ్యఖుర్ఆన్ (తౌబా: 60) జకాత్‌కు హక్కుదారులుగా పేర్కొన్న ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. కనుక పరదేశి పట్ల ప్రవర్తన ఈ సమాజానికి కేవలం మర్యాద కాదు, బాధ్యత. వచ్చిన వారిని లెక్కించడం సులభం. వచ్చిన వాడు ఏ నీరు త్రాగాడు, ఏ ధర చెల్లించాడు, అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకున్నాడు అని అడగడం కష్టం. ముఖద్దసీ ఆ ప్రశ్నలు ముందుగా తన ఊరినే అడిగారు. ఆయన గ్రంథం నేటికీ విశ్వాసపాత్రంగా నిలవడానికి కారణం అదే.