కుప్ప లేని కోత

వ్యవసాయ యంత్రాల చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా ఏ యంత్రం ఎన్ని ఎకరాలు కోసింది, ఎంతమంది కూలీల పని ఒక్కటే చేసింది అన్న లెక్కలతో మొదలుపెడతారు. ఆ లెక్కలు నిజమే. అయితే కోతలు ముమ్మరంగా సాగుతుండగా ఆ యంత్రం ఇంజను పోతే రైతు ఏం చేశాడు అని అడిగి చూస్తే అదే చరిత్ర మరో పక్కనుంచి కనిపిస్తుంది. ఆ పక్కనుంచి చూడటానికి తెలుగువాళ్ళకి ఒక సౌలభ్యం ఉంది. కుప్ప అంటే ఏమిటో మనకి తెలుసు.

కుప్ప చేసిన మేలు

మన డెల్టా పల్లెల్లో వరి ఒక్కరోజులో ఇంటికి చేరేది కాదు. కొడవళ్ళతో కోసి పనలు వేసేవారు. పనలు ఆరాక మోపులు కట్టి కుప్ప వేసేవారు. నూర్పిడి ఆ తర్వాత, వీలు చూసుకుని చేసేవారు. కంకులు లోపలికి, మొదళ్ళు బయటికి పెట్టి ఒడుపుగా వేసిన కుప్ప ఒక మోస్తరు వానని పైపైనే జార్చేసేది. పనల మీద వాన పడితే నష్టమే. పెద్ద తుఫాను వస్తే కుప్పలూ తడిసి మొలకలెత్తేవి. అయినా కోతకీ నూర్పిడికీ నడుమ ఒక మజిలీ ఉండేది. ఎద్దు కుంటితే మరో ఎద్దుని కట్టేవారు, ట్రాక్టరు ఆగితే రేపు చూద్దామనుకునేవారు. అంతవరకూ పంట కుప్పలో ఆగేది.

అమెరికా గోధుమ రైతుకీ ఒకప్పుడు ఇలాంటి మజిలీయే ఉండేది. బైండరు అనే యంత్రం పైరు కోసి కట్టలు కట్టేది. ఆ కట్టల్ని పొలంలోనే కంకులు పైకి వచ్చేలా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టేవారు. ఆవిరి ఇంజనుతో నడిచే నూర్పిడి యంత్రం తర్వాత వంతులవారీగా పొలాలకి వచ్చేది. ఇరుగుపొరుగు రైతులు జట్టు కట్టి ఒకరి పొలంలో ఒకరు పనిచేసుకునేవారు. ఆవిరి ఇంజను మొరాయిస్తే జట్టంతా చేతులు ముడుచుకు కూర్చునేది, ఆ ఇంటి ఇల్లాలు అంతమందికీ మరో రోజు వండిపెట్టాల్సి వచ్చేది. పొద్దు పోయేది, పిండి ఖర్చయ్యేది, ఓపిక నశించేది. పంట మాత్రం కట్టల్లోనే కాచుకుని ఉండేది.

కోతనీ నూర్పిడినీ ఒకటిగా కలిపింది కనుకనే కంబైన్‌కి ఆ పేరు వచ్చింది. కలపడంలో మధ్యనున్న మజిలీ మాయమైంది. పైరు నిలబడి ఉండాలి, లేదా ధాన్యమై ట్యాంకులో పడాలి. ఇంజను ఆగిన రోజున పంట ఆకాశం కింద నిలబడి ఉంటుంది. వడగళ్ళు పడినా, వాన ముసురుపట్టినా దానికి ఆసరా లేదు.

గుర్రాలనుంచి ఇంజనుకి

మిచిగన్ రాష్ట్రంలో హైరమ్ మూర్, జాన్ హాస్కల్ అనే ఇద్దరు 1836లో ఇలాంటి యంత్రానికి పేటెంటు పొందారు. దాన్ని లాగడానికి పదహారు, ఇరవై గుర్రాలు కట్టాల్సి వచ్చేది. నేల మీద దొర్లే చక్రమే లోపలి భాగాలన్నిటినీ తిప్పేది. 1854లో ఒక యంత్రాన్ని ఓడమీద కాలిఫోర్నియాకి పంపారు. అక్కడ అది సుమారు 600 ఎకరాల గోధుమ కోసింది. 1856లో నడిపేవాళ్ళు బేరింగుకి నూనె వెయ్యకపోవడంతో అది వేడెక్కి నిప్పంటుకుని, యంత్రం పొలంలోనే కాలిపోయింది. కంబైన్ కథలో తొలి పెద్ద ప్రమాదానికి కారణం నూనె చుక్క కరువవడం. ఈనాటికీ వేడెక్కిన బేరింగు, దానిచుట్టూ పేరుకున్న ఎండుపొట్టు కోతరోజుల్లో నిప్పుకి కారణాలవుతూనే ఉన్నాయి.

కాలిఫోర్నియాలోనే స్టాక్‌టన్ ఊళ్ళో హోల్ట్ కంపెనీ 1886 నుంచి కంబైన్‌లు తయారుచేసి అమ్మింది. మెల్లగా గుర్రాల స్థానంలో ఆవిరి ఇంజన్లు, ఆ తర్వాత పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. పని వేగం పెరిగింది, దాణా ఖర్చు తగ్గింది. కానీ ఇరవై గుర్రాల్లో ఒకటి కుంటితే పంతొమ్మిది లాగుతాయి. ఇంజను ఆగితే లాగేవాళ్ళెవరూ లేరు. ఇరవై ప్రాణుల మీద పంచి ఉన్న భారం ఒక్క ఇనపముక్క మీద పడింది.

1944లో ఒక జవాబు

రెండో ప్రపంచయుద్ధంలో పల్లెల్లోని మగవాళ్ళు సైన్యానికీ ఫ్యాక్టరీలకీ వెళ్ళిపోయారు. యంత్రాల తయారీకి ఉక్కు రేషను. ఆ సమయంలో మాసీ-హారిస్ కంపెనీ అధికారి జో టకర్ ప్రభుత్వ యుద్ధోత్పత్తుల బోర్డుకి ఒక ప్రతిపాదన పెట్టాడు. కోటాకి మించి 500 కంబైన్‌లు తయారుచేయడానికి ఉక్కు ఇవ్వండి, వాటిని కొనేవాళ్ళు ఒక్కొక్కరూ కనీసం 2000 ఎకరాలు కోస్తామని మాట ఇస్తారు అన్నాడు. ప్రభుత్వం ఒప్పుకుంది. 1944 వేసవిలో ఈ దండు టెక్సస్‌లో మొదలై, పంట పండుతున్న వరసలోనే ఉత్తరానికి నడిచి కెనడా సరిహద్దుదాకా వెళ్ళింది. పది లక్షల ఎకరాలకి పైగా కోసి, రెండున్నర కోట్ల బుషెళ్ళ ధాన్యం చేతికి తెచ్చింది. చరిత్రలో దానికి 'హార్వెస్ట్ బ్రిగేడ్' అని పేరు.

అందులో వాడిన 21వ నంబరు కంబైన్‌ని తనంతట తానే నడిచేలా రూపొందించినవాడు టామ్ కారొల్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు. దాని ఇంజను మాత్రం క్రైస్లర్ కంపెనీది, ఆరు సిలిండర్లది. ఆ కంపెనీ కార్లలో, ట్రక్కుల్లో వాడే ఇంజన్లకి దగ్గరి చుట్టం. అంటే అది ఆగినా, దాన్ని విప్పడం తెలిసినవాడు దారిలో ఏ చిన్న ఊళ్ళోనైనా దొరికే అవకాశం ఉంది. పంట మజిలీ పోయింది గానీ, తెలిసిన ఇంజను దాని స్థానంలో కొంత ధైర్యమిచ్చింది.

యుద్ధం అయ్యాక కిరాయికి కోసేవాళ్ళ వృత్తి బాగా పెరిగింది. మే నెలాఖరున టెక్సస్‌లో మొదలుపెట్టి ఓక్లహోమా, కాన్సస్, నెబ్రాస్కా, డకోటాల మీదుగా పైకి వెళ్ళే ఈ బృందాలు తమతో వెల్డింగు సామాను, బెల్టులు, బేరింగులు నింపిన సర్వీసు ట్రక్కుని తీసుకుపోతాయి. రెండుమూడు యంత్రాలున్న బృందంలో ఒకటి పడకేస్తే మిగతావి కోస్తూనే ఉంటాయి.

సొంత యంత్రం ఒక్కటే ఉన్న రైతు సంగతి వేరు. ఇంజను ఆగగానే అనుభవమున్నవాడు ముందు పంట ఇంకెన్నాళ్ళు ఆగగలదో అంచనా వేస్తాడు. రేడియేటరుకి పొట్టు పట్టి వేడెక్కితే దులుపుకుంటే సరిపోతుంది. ఇంజను ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే అందులో నీళ్ళు కలిశాయన్నమాట. ఇంక ఇంజను స్టార్టు చెయ్యకూడదు, చేస్తే బేరింగులూ పోతాయి. క్రాంక్‌షాఫ్టు పోయిందంటే కోతల మధ్యలో దాన్ని తీరిగ్గా బాగుచేయించుకునే వ్యవధి ఉండదు. ఎక్కడో ఒకచోట సిద్ధంగా ఉన్న ఇంజను తెచ్చి మార్చడం, ఈలోగా పొరుగువాడినో కిరాయి బృందాన్నో పిలవడం తప్ప దారి లేదు. పాత జట్టులోని ఇచ్చిపుచ్చుకోవడాలు ఆ రోజున మళ్ళీ గుర్తుకొస్తాయి.

మన ఊళ్ళలో లారీ ఇంజను

తెలుగునాట వరికోత మిషన్లు పరుచుకున్న తీరు కూడా ఇలాంటిదే. పంజాబునుంచి వచ్చే మిషన్లూ, వాటి డ్రైవర్లూ మన రైతులకి బాగా పరిచయం. ఆరిన నేలకి టైరు మిషను, తడి పొలానికి చైను మిషను, కిరాయి గంట లెక్కన. పంజాబులో తయారైన చాలా టైరు మిషన్లకి అశోక్ లేలాండ్ ఇంజన్లే ఉంటాయి. లారీలు నడిచే చోటల్లా ఆ కంపెనీ ఇంజను విప్పగల మేస్త్రీ ఉంటాడు. కాన్సస్‌లో క్రైస్లర్ ఇంజను ఇచ్చిన ధైర్యమే గోదావరి జిల్లాల్లో లారీ ఇంజను ఇచ్చింది.

అయినా మజిలీ లేని లోటు మన రైతుకీ తప్పలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నిలబడ్డ వరి పడిపోయింది, కోసి ఆరబోసిన ధాన్యం తడిసింది. అలాంటి హెచ్చరిక వచ్చిన రోజున ఊరంతటికీ ఒకేసారి మిషను కావాలి. అప్పుడు ఒక్క ఇంజను ఆగినా దాని వరసలో ఉన్న రైతులందరూ వెనకబడతారు.

పాతరోజులే బాగున్నాయని దీని అర్థం కాదు. కుప్ప వెనక వంగిన నడుములున్నాయి, చాలని కూలి ఉంది. మిషను వచ్చి ఆ కూలి కూడా పోగొట్టుకున్న ఆడవాళ్ళున్నారు. వాళ్ళ నష్టం ఎవరూ లెక్కకట్టి ఇవ్వలేదు.

తాళం ఎవరి దగ్గర?

అమెరికాలో ఈ కథ ఇప్పుడు కొత్త మలుపులో ఉంది. పొగ నియంత్రణ నిబంధనలవల్ల కొత్త డీజిలు ఇంజన్లకి సెన్సర్లు, కంప్యూటర్లు వచ్చాయి. ఒక సెన్సరు తప్పు చెప్పినా ఇంజను తన బలం తానే తగ్గించుకుని, చివరకి నడకకి కూడా పనికిరాకుండా పోవచ్చు. ఇనుము బాగానే ఉంటుంది, అనుమతి ఉండదు. ఆ లోపాన్ని చదివే సాఫ్ట్‌వేరు పూర్తిగా డీలరు చేతిలోనే ఉంటే, రైతు పానాలు పట్టుకుని ఆకాశంకేసి చూస్తూ కూర్చోవాల్సిందే.

రైతులు ఊరుకోలేదు. 2023 జనవరిలో జాన్ డీర్ కంపెనీ అమెరికన్ ఫార్మ్ బ్యూరోతో ఒక అవగాహన పత్రం మీద సంతకం చేసింది. అదే ఏడాది ఏప్రిల్లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలకి మరమ్మతు హక్కు చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇల్లినాయ్, మిన్నెసోటా రాష్ట్రాలు కలిసి ఆ కంపెనీ మీద దావా వేశాయి. కంపెనీ ఆరోపణలను తోసిపుచ్చింది. 2025 ఆగస్టులో పర్యావరణ సంస్థ, ఇంజన్లు ఉన్నట్టుండి బలం కోల్పోకుండా సాఫ్ట్‌వేరు మార్చమని తయారీదార్లకి సూచించింది.

ఈ దేశంలో సాఫ్ట్‌వేరు రాసి బతుకుతున్న తెలుగువాళ్ళలో చాలామంది తాతలు కుప్పలు నూర్చినవాళ్ళే. మనం రాసే నాలుగు వరసలకి ఎక్కడో ఒక పొలంలో ఇంత బరువుంటుందని తెలుసుకోవడం మంచిది. కుప్ప మళ్ళీ రాదు. రావాలని కోరుకోనక్కర్లేదు కూడా. కానీ దాని స్థానంలో రైతుకి దక్కిన ఆసరాలు మూడే: పిలిస్తే వచ్చే పొరుగువాడు, దొరికే విడిభాగం, యంత్రాన్ని విప్పే హక్కు. మొదటి రెండూ ఎన్నున్నా, మూడోది లేకపోతే పంట నిలబడే ఉంటుంది, వాన ఆగదు.