ఉప్పునీళ్ళు తిరగపోసిన చేతులు

మా కవిటి నుంచి సముద్రం దూరమేమీ కాదు. కొబ్బరితోటలు దాటితే ఇసుక, ఇసుక దాటితే అలలు. బిందెడు సముద్రపు నీళ్ళు తెచ్చుకోవడం పెద్ద పని కాదు. కానీ ఆ బిందెలో రెండు చేపపిల్లల్ని వేసి ఉంచితే నాలుగు రోజుల్లో కంపు మొదలవుతుంది. తినకుండా వదిలేసిన మేత, చేపల మలం కుళ్ళి అమ్మోనియా పుడుతుంది, నీళ్ళలో ప్రాణవాయువు తరిగిపోతుంది. సముద్రాన్ని ఇంటికి తేవడం సులువే, దాన్ని బతికించడమే కష్టం.

ఈ చిక్కు విప్పినవాళ్ళలో ముందువరుసలో ఉన్నది ఆడవాళ్ళేనని తెలిసి నాకు భలే సంతోషం వేసింది. పారిస్‌లో గౌన్లు కుట్టిన ఝాన్ విల్‌ప్రూ పవర్, పెళ్ళయి సిసిలీ దీవికి వెళ్ళాక, 1832లో అద్దాల తొట్టె చేయించి ఆక్టోపస్ జాతి జీవిని అందులో పెట్టి పరిశీలించింది. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ టార్కీ తీరం నుంచి పగడాలను లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. అక్కడికి మాటిమాటికీ సముద్రపు నీళ్ళు రావు కదా! అందుకని తెరిచిన కిటికీ దగ్గర ఆ నీళ్ళనే ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి రోజూ అరగంట, ముప్పావుగంట పోయించేది. మనం పాలు తిరగపోసినట్టే. అలా పోస్తుంటే గాలి నీళ్ళలో కలుస్తుంది. పోసింది మాత్రం ఆనా కాదు, పనిమనిషి. చరిత్రలో ఎవరి పేరు చెప్పుకుంటారో మీకు తెలుసుగా!

ఇవాళ రొయ్యల చెరువులో తిరిగే ఏరేటరు చేసేదీ ఆ పనిమనిషి పనే.

మన తీరానికి ఈ విద్య పెద్ద ఎత్తున వచ్చింది రొయ్యలతోనే. 1980ల చివరలో విశాఖలోనూ, ఇచ్ఛాపురం దాటితే వచ్చే గోపాల్‌పూర్‌లోనూ ప్రభుత్వ ఎగుమతి సంస్థ రొయ్యపిల్లల హేచరీలు పెట్టించింది. టైగర్ రొయ్యకి మంచి ధర. చూస్తుండగానే తీరం పొడుగునా చెరువులు. చెరువంటే పెద్ద తొట్టే మరి. పాచి పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తనే పీల్చేస్తుంది. అందుకే తెల్లవారుజామున రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. మధ్యాహ్నం నీటి పీహెచ్ పెరిగితే ఉన్న అమ్మోనియాయే ఇంకా విషమవుతుంది. రైతులు చూసి చూసి ఇవన్నీ నేర్చుకున్నారు. మేత తగ్గించడం, సున్నం జల్లడం, అన్నిటికంటే ముఖ్యంగా పాత నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పెట్టడం.

1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. రొయ్య మేత మానేసి గట్టు చేరుతుంది, పెంకు మీద తెల్లటి చుక్కలు పడతాయి, వారం పది రోజుల్లో చెరువు ఖాళీ. అప్పటిదాకా నమ్ముకున్న వైద్యమే అక్కడ ఎదురుతిరిగింది. జబ్బు చెరువులో నీళ్ళు కాలువలోకి వదిలారు, పక్కవాళ్ళు అదే కాలువలోంచి తోడుకున్నారు. మన చెత్త ఊడ్చి పక్కింటి వాకిట్లోకి తోసినట్టు! ఈ వైరస్‌కి మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ రోజుల్లోనే ఇంకో గొడవా ముదిరింది. చెరువుల ఉప్పు తాగే నీళ్ళలోకి దిగింది. బావి ఉప్పెక్కితే బిందె పట్టుకుని ఇంకో ఊరికి నడిచేది ఎవరో వేరే చెప్పాలా? తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆయన భార్య కృష్ణమ్మాళ్ తీరపల్లెల ఆడవాళ్ళని కూడగట్టారు. 1996 డిసెంబర్ 11న తీరప్రాంత రక్షిత పరిధిలోని రొయ్యల చెరువులు తీసేయాలని తీర్పు వచ్చింది. తీర్పు చెప్పినంతగా చెరువులు పోలేదనుకోండి. 2005లో చట్టం చేసి రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టారు. 2009లో బయటి దేశాల నుంచి జబ్బు లేని తల్లి రొయ్యల్ని తెచ్చుకోవడానికి అనుమతి ఇవ్వడంతో టైగర్ పోయి వనామీ వచ్చింది.

ఇప్పుడు సీడు కొనేముందు పీసీఆర్ పరీక్ష చేయిస్తారు. గట్టు చుట్టూ పీతలు రాకుండా వల కడతారు, పైన పక్షులు వాలకుండా దారాలు లాగుతారు. జబ్బు వచ్చిన చెరువు నీళ్ళని బ్లీచింగ్ వేసి, వైరస్ చచ్చాకే బయటికి వదలాలి. ఆ బ్లీచింగ్ ఖర్చు పడేది మాత్రం అప్పటికే పంట పోగొట్టుకున్న రైతు నెత్తినే. రాత్రికి రాత్రి తూము ఎత్తేద్దామన్న ఆలోచన ఎందుకొస్తుందో నాకు అర్థమవుతుంది, కానీ ఆ నీళ్ళు వెళ్ళేది పక్కవాళ్ళ చెరువులోకే.