రాజగృహ: ఒక ఇంటి చరిత్ర

దళిత ఉద్యమ చరిత్ర రాసేటప్పుడు మనం మహద్ చెరువు గురించి రాస్తాం. నాసిక్ కాలారాం గుడి ముందు కూర్చున్న సత్యాగ్రహుల గురించి రాస్తాం. పూనా ఒప్పందం మీద పేజీలకు పేజీలు రాస్తాం. ఇంటి గురించి మాత్రం రాయం. చెరువూ గుడీ జనం సమస్యలు, ఇల్లు ఎవరి సొంత వ్యవహారం వాళ్ళది అనుకుంటాం. ఈ విభజన సరైంది కాదని మా అభిప్రాయం.

1930ల మొదట్లో బొంబాయిలో, దాదర్ హిందూ కాలనీలో అంబేడ్కర్ ఒక పెద్ద ఇల్లు కట్టించారు. దానికి 'రాజగృహ' అని పేరు పెట్టారు. ఈ ఇంటి మాట వచ్చినప్పుడు ఒక ప్రశ్న కూడా వెంటే వస్తుంది: మిల్లు కూలీల మధ్య బతికిన నాయకుడికి అంత ఇల్లెందుకు? అగ్రవర్ణ మేధావులు అడిగితే వింతేం లేదు. మన కార్యకర్తల్లోనూ కొందరు ఈ మాట దగ్గర కాస్త సిగ్గుపడతారు. గాంధీ 1936లో సేవాగ్రామ్ చేరి మట్టి ఇంట్లో వుండటాన్ని త్యాగం అన్నారు. నిజమే, వదులుకోవడానికి ఏదైనా వున్నవాడికి అది త్యాగం. మనవాళ్ళు గుడిసెల్లో కోరి లేరు. అందుకే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరు: ఈ దేశంలో ఎవరు ఎంత ఇల్లు కట్టుకోవాలో నిర్ణయించిందెవరు?

శాస్త్రం నిర్ణయించింది. చండాలురు, శ్వపచులు ఊరి బయట వుండాలని మనుస్మృతి పదో అధ్యాయం చెప్తుంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో వాస్తు అధ్యాయం వుంది. అందులో రాజు ఇంటి వెడల్పు 108 మూరలు. బ్రాహ్మణుడికి 32, క్షత్రియుడికి 28, వైశ్యుడికి 24, శూద్రుడికి 20. పదహారు దాకా అట్లా నాలుగేసి మూరలు తగ్గించుకుంటూ వచ్చి, అంతకంటే తక్కువ కొలతలన్నీ అత్యంత హీనులవని తేల్చేశాడు. నేలకూ వర్ణం వుంది: తెల్ల నేల బ్రాహ్మణుడికి, ఎర్ర నేల క్షత్రియుడికి, పసుపు నేల వైశ్యుడికి, నల్ల నేల శూద్రుడికి. ఇవాళ వాస్తు అంటే గాలి, వెలుతురు, దిక్కుల విజ్ఞానం అని చెప్పేవాళ్ళు ఈ శ్లోకాలు చూపించరు. అది కులాన్ని ఇటుకల్లో కొలిచిన కొలబద్ద కూడా.

ఇది తాటాకుల్లో వుండిపోయిన మాట కాదు. అంటరానివాళ్ళు చేస్తే నేరంగా ఊరు లెక్కగట్టే పనుల జాబితా ఒకటి అంబేడ్కర్ రాశారు. పెంకుటిల్లు కట్టుకోవడం అందులో ఒక నేరం. వాళ్ళ ఇళ్ళు ఊరికి దక్షిణాన వుండాలి, ఎందుకంటే అది అశుభమైన దిక్కు. మన మాలపల్లెలు, మాదిగవాడలు ఏ దిక్కున వున్నాయో తెలిసిన వాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన అంబేడ్కర్ 1917లో ఉద్యోగానికి బరోడా వెళ్ళారు. అద్దెకు ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించుకుని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి దిగారు. మేడ మీద కరెంటు దీపం లేని పెద్ద హాలు, చిన్న లాంతరు, గబ్బిలాలు. ఆ ఒంటరితనాన్ని చదువుతో మర్చిపోవడానికి చూశారు. పదకొండో రోజు పొద్దున పార్శీలు కర్రలు పట్టుకుని వచ్చి, సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితులను ఆశ్రయం అడిగారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. మా ఇంటికి వస్తే పనివాళ్ళు వెళ్ళిపోతారని ఒకరు, భార్యతో మాట్లాడాలని ఇంకొకరు తప్పించుకున్నారు. ఆ సాయంత్రం పార్కులో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి తిరిగొచ్చారు. పెద్ద డిగ్రీలున్న మనిషికి తల దాచుకునే గది లేకపోయింది. రాజగృహ పునాది దాదర్‌లో పడిందని అందరూ అంటారు. నిజానికి ఆ పార్కులోనే పడిందని మేం అనుకుంటాం.

బొంబాయిలో ఆయన పరేల్‌లో, ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కట్టిన చాల్‌లో వుండేవారు. 1896లో ప్లేగు వచ్చాక, 1898లో ప్రభుత్వం ఆ ట్రస్టును పెట్టింది. ఇరుకు బస్తీలు కూలగొట్టి కూలీలకు వరసగదుల చాళ్ళు కట్టింది ఆ ట్రస్టే. దాదర్, మాటుంగా వైపు వెడల్పు రోడ్లు వేసి, ప్లాట్లు కొట్టి, మధ్యతరగతికి లీజుకిచ్చిందీ అదే. అక్కడ పార్శీ కాలనీ, హిందూ కాలనీ ఎవరిది వాళ్ళకు ఏర్పడ్డాయి. ఒకే ఆఫీసు ఒక చేత్తో చాల్ గీసింది, ఇంకో చేత్తో కాలనీ గీసింది. పరేల్ నుంచి దాదర్ ఎంతో దూరం లేదు. ఆ దూరం దాటడానికి ఆయనకు ఇరవై ఏళ్ళు పట్టింది.

బారిష్టరు ప్రాక్టీసు కుదుటపడ్డాక హిందూ కాలనీలో రెండు స్థలాలు తీసుకున్నారు. అప్పు తెచ్చి రెండు ఇళ్ళు కట్టించారు. ఒకటి రాజగృహ, రెండోది చార్ మినార్. ఒకటి బౌద్ధ చరిత్ర గుర్తు, ఒకటి ముస్లిం కట్టడం గుర్తు. ఆ ఏళ్ళు ఎలాంటివో గుర్తు చేసుకోవాలి. 1930 నుంచి 1932 దాకా లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశాలు, 1932 సెప్టెంబరులో పూనా ఒప్పందం. దేశమంతా ఒక మనిషి మీద ఒత్తిడి పెడుతున్న కాలంలో, ఆ మనిషి తన పుస్తకాలకు నీడ కట్టుకుంటున్నాడు.

అవును, పుస్తకాలకే. ఈ ఇంటి ప్లానులో అసలు సంగతి అది. 1917లో లండన్ నుంచి వస్తూ ఓడలో వేసిన సామాను, యుద్ధంలో ఆ ఓడ మునిగి సముద్రం పాలైంది. అందులో పుస్తకాలూ పోయాయి. తర్వాత కొన్నవి చాల్ గదుల్లో పట్టలేదు. అందుకని కొత్త ఇంట్లో కుటుంబం కింద, లైబ్రరీ, రాత బల్ల పైన. వాస్తుశాస్త్రం ఇంటి నడిమధ్యను బ్రహ్మస్థానం అని బ్రహ్మకు రాసిచ్చింది. చదువు వినకూడదన్న కులంలో పుట్టిన మనిషి తన ఇంటి తలభాగాన్ని పుస్తకాలకు రాసిచ్చాడు. ఇంటి ప్లాను కూడా ఒక వాదన చేయగలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పేరు సంగతీ చూడండి. రాజగృహం మగధ రాజధాని, బింబిసారుడి నగరం. బుద్ధుడి తర్వాత మొదటి సంగీతి అక్కడే జరిగిందని బౌద్ధ సంప్రదాయం చెప్తుంది. ఆ సభలో వినయాన్ని అప్పజెప్పిన ఉపాలి మంగలి కులంవాడు. హిందువుగా చావనని యేవలాలో ప్రకటించింది 1935 అక్టోబరు 13న. అంతకు ముందే హిందూ కాలనీ నడుమ ఒక గోడ మీద బౌద్ధ నగరం పేరు ఎక్కింది.

ఆ ఇంటిని రమాబాయి ఎక్కువ కాలం అనుభవించలేదు. భర్త విదేశాల్లో చదువుతుంటే చాలీచాలని డబ్బుతో సంసారం ఈదిన మనిషి, 1935 మే 27న రాజగృహలోనే కన్నుమూసింది. పిల్లల్లో నలుగురిని ఆమె అంతకు ముందే పోగొట్టుకుంది. ఈ ఇంటి ఖర్చు లెక్క రాస్తే సిమెంటు, ఇటుక ఒక్కటే రాయకూడదు. ఆమె ఆయుష్షు కూడా అందులో వుంది.

1941లో చార్ మినార్‌ను అమ్మేశారు. రాజగృహ నిలిచింది. అక్కడ పోగైన పుస్తకాలు తర్వాత పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1946లో పెట్టిన సిద్ధార్థ కాలేజీకి చేరాయి. సొంత ఇల్లు అనుకున్నది జనం చదువుకు దారి అయింది. 1956 డిసెంబరులో ఢిల్లీ నుంచి ఆయన దేహాన్ని తెచ్చింది ఈ ఇంటికే. ఇప్పటికీ డిసెంబరు 6న చైత్యభూమికి వచ్చే లక్షల మందిలో చాలామంది ఈ గుమ్మం తొక్కి పోతారు. ఓర్వలేనివాళ్ళూ వున్నారు. 2020 జులై 7న ఆవరణలోకి చొరబడి పూలకుండీలు, కిటికీ అద్దాలు, కెమెరా పగలగొట్టారు. మనవాడి మంచి ఇల్లు ఇంకా కొందరి కంట్లో నలుసే.

ఇక మన సంగతి. తెలంగాణ నుంచి బొంబాయికి కట్టడాల పనికి వలసపోయిన కామాఠీల పేరు మీదనే కామాఠిపుర వెలిసింది. నగరాలు కట్టినవాళ్ళకు దక్కింది ఆ ఇరుకు సందులే. 1985 జులైలో కారంచేడు నుంచి తరిమేస్తే మాదిగలు చీరాలలో కొత్తగా ఇళ్ళు కట్టుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వం ఇచ్చే కాలనీలు కూడా తరచూ ఊరి చివరనే లేస్తాయి. పేరు కాలనీ, దిక్కు పాతదే.

కాబట్టి మంచి ఇల్లు కట్టుకున్న దళితుణ్ణి చూసి సిగ్గుపడొద్దు. ఇరవై మూరల లోపు వుండమన్న శాసనాన్ని అతను తోసేశాడు. కానీ ఉద్యోగాలొచ్చిన మనవాళ్ళను ఒకటి అడగక తప్పదు. ఇంటి ప్లాను గీయించేటప్పుడు పిలిపిస్తున్నది ఎవరిని? మనకు కొలతలే ఇవ్వని శాస్త్రం చదివినవాణ్ణా? పూజగదికి ఈశాన్యం వెతుకుతున్నారు సరే, పుస్తకాల గది ఏ మూలన పెట్టారు? వాడ నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడు ఆ గదిలో ఒక రాత్రి దీపం వేసుకుని కూర్చోగలడా? రాజగృహ మన ఇళ్ళను అడుగుతున్నది ఇదే.