కొత్త కళ్లజోడుతో మెట్టు దిగేటప్పుడు

కోఠిలో కళ్లజోళ్ల దుకాణం. కౌంటరు వెనక కుర్రాడు మెత్తటి గుడ్డతో చివరిసారి తుడిచి, జోడు మీ చెవుల మీదికి తొడుగుతాడు. ఎదురు గోడ మీది చార్టు ఆఖరి వరుస దాకా చదివేస్తారు. చేతికిచ్చిన కార్డు మీది సన్నక్షరాలు కూడా తేటగా ఉన్నాయి. చత్వారం వచ్చింది మొదలు పేపరును చేయి చాచి పట్టుకుంటున్న మీకు ప్రాణం లేచొస్తుంది.

ఆ సంబరం గుమ్మం దాకానే.

బయటికి దిగడానికి మెట్లున్నాయి. కాలు వేయబోతూ కిందికి చూస్తారు. మెట్టు అంచు మసకబారింది, పైగా నేల పైకి లేచినట్టుంది. కాలు గాల్లోనే ఆగిపోతుంది. చేయి తలుపు కోసం తడుముకుంటుంది.

"కళ్లు దించకండి మేడం, తల వంచి చూడండి!" లోపల్నుంచి కుర్రాడి గొంతు.

గడ్డం కిందికి దించగానే మెట్టు ఉన్నచోటే కుదురుకుంటుంది.

మీరు పెట్టుకున్నది ప్రోగ్రెసివ్ లెన్సు. పై భాగం దూరానికి, అడుగు భాగం చదవడానికి, ఆ రెంటి నడుమ సన్నటి దారిలో పవరు కొద్దికొద్దిగా పెరుగుతూ దిగుతుంది. ఇందాక మెట్టును చూసింది చదివే భాగంలోంచి. బైఫోకల్‌లో ఉండే గీత ఇందులో ఉండదు. బెర్నార్ మెత్నాజ్ రూపొందించిన ఇలాంటి లెన్సు, వారిలక్స్, 1959లో ఫ్రాన్సులో వచ్చింది. అప్పటి నుంచీ గీత లేనందుకు కట్టే మూల్యం ఒకటే: ఆ దారికి అటూ ఇటూ మసక. ఖరీదైన డిజైన్లు దాన్ని పల్చన చేస్తాయి, పక్కకు నెడతాయి, పూర్తిగా తీసెయ్యలేవు. రేటు పెంచితే మసకే ఉండదని ఎవరన్నా చెబితే నమ్మకండి.

రోడ్డు దాటాలి. ఎడమ పక్క ఆటో హారను. అలవాటుగా కంటికొసల్లోంచి చూస్తారు. ఆటో వంకరగా సాగిపోతుంది. గబుక్కున తల తిప్పితే దుకాణాల బోర్డులన్నీ పడవలో నిలబడి చూసినట్టు ఊగుతాయి. కడుపులో తిప్పుతుంది. నడిరోడ్డు మీద ఈ భయం ఎంతటిదో పడ్డవాళ్లకే తెలుసు.

తల కుడికి తిరిగితే కళ్లు అంతే వేగంగా ఎడమకు కదిలి దృశ్యాన్ని నిలబెడతాయి. ఎంత కదలాలో లోపలి చెవి కబురును బట్టి మెదడు నిర్ణయిస్తుంది. కొత్త లెన్సు బొమ్మ సైజు మార్చేసింది, పాత లెక్క సరిపోదు. మెదడు దాన్ని దిద్దుకుంటుంది, కాకపోతే జోడు పెట్టుకుని తిరిగితేనే. మాటిమాటికీ తీసి పాతది పెట్టుకుంటే ఆ సవరణ ఆలస్యమవుతుంది.

చాలామందికి రెండు వారాల్లోపు సర్దుకుంటుంది. మీకు సర్దుకోలేదు. పేపరు చదవాలంటే గడ్డం బాగా పైకెత్తాలి, సాయంత్రానికి మెడ పట్టేస్తోంది. మళ్లీ అదే దుకాణం.

ఈసారి పెద్దాయన కూర్చోబెట్టారు. ఒక్కో లెన్సును ట్యూబులైటు కింద అటూ ఇటూ వాల్చి చూస్తున్నారు. అద్దంలో కనీకనపడకుండా చెక్కిన రెండు గుర్తులు, మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. వాటి మీద మార్కరుతో చుక్కలు పెట్టి, కంపెనీ చార్టు మీద ఆనించి, ఇంకాస్త పైన ప్లస్ గుర్తు గీశారు. జోడు మీకు తొడిగి, తన కళ్లు మీ కళ్ల ఎత్తుకు వచ్చేలా ఎదురుగా కూర్చున్నారు. ప్లస్ గుర్తులు కనుపాపల మీదికి రావాలి. రెండూ కిందున్నాయి! ఫ్రేము ముక్కు మీద జారింది. ప్యాడ్లను కాస్త దగ్గరికి వంచగానే జోడు పైకి లేచింది. కార్డు ఇచ్చారు. గడ్డం ఎత్తకుండానే చదివేశారు.

అందరికీ ఇంత తేలిగ్గా తేలదు. కనుపాపల మధ్య దూరమే తప్పు కొలిచి ఉంటే లెన్సు మళ్లీ చేయించాల్సిందే.

కొత్త జోడు కుదురుకునే దాకా బండి నడపకండి, మెట్ల దగ్గర రెయిలింగు వదలకండి. రెండు వారాలైనా తల తిరుగుతుంటే "అలవాటైపోతుందిలెండి" అన్న మాటతో వెనక్కి రాకండి. గుర్తులు పెట్టి, కనుపాప మీదికి వస్తున్నాయో లేదో చూపించమని అడగండి. డబ్బులిచ్చి కొన్న చూపు అది.