అణువు కంపనము – నికెల్ తలము

ఉయ్యూరు రైతు చెరకుతోటకు చల్లే యూరియాలో నత్రజనితో పాటు ఒక సూక్ష్మమైన కథ కూడా ఉన్నది. సహజవాయువులోని మీథేన్ వేడి నికెల్ తలముపై నీటి ఆవిరితో కలిసి హైడ్రోజన్‌ను ఇస్తుంది. దాని నుండి అమ్మోనియా, అమ్మోనియా నుండి యూరియా తయారవుతాయి. ఈ చర్యకు మొదట మీథేన్ బంధము తెగవలెను.

అణువులోని పరమాణువులు స్ప్రింగులకు కట్టిన గుండ్లవలె నిరంతరము కంపిస్తూ ఉంటాయి. ఆ కంపనరీతులను లెక్కకట్టిన వారిలో సూరి భగవంతం గారు ప్రముఖులు. 1909లో, అప్పటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించిన ఆయన కలకత్తాలో రామన్ వద్ద పరిశోధన చేసినారు. 1948లో టి. వెంకటరాయుడు గారితో కలిసి గ్రూపు సిద్ధాంతముపై గ్రంథము ప్రచురించినారు. అణువు సౌష్ఠవమును బట్టి దాని కంపనరీతులు ఎన్నో అందువలన తెలుస్తుంది.

మరి ఏ రీతిలో కంపించినా ఫలితము ఒకటేనా? మొత్తము శక్తియే ముఖ్యమని చాలాకాలము అనుకున్నారు. 2003లో స్విట్జర్లాండులోని లోజాన్ శాస్త్రజ్ఞులు రెండు హైడ్రోజన్, రెండు డ్యుటీరియం పరమాణువులు గల మీథేన్‌ను లేసర్ కాంతితో కంపింపజేసి నికెల్ మీదికి పంపినారు. శక్తి దాదాపు సమానమే. కాని దానిని రెండు బంధములకు పంచినప్పటికంటె ఒకే బంధములో నిలిపినప్పుడు చర్య సుమారు 5 రెట్ల వరకు హెచ్చినది.

చెరకుగడను విరిచేవాడు బలమునంతా ఒకేచోట పెడతాడు. అణువు విషయములోను ఎంత శక్తి అన్నదే కాదు, ఎక్కడ అన్నదీ ముఖ్యమే.